ఇందులో ఆడవాళ్ళెక్కడున్నారు?

మా ఊరి పేరు పట్టాభిరామ్. మద్రాసు సెంట్రల్లో తిరువళ్ళూరు లోకల్ ఎక్కితే ఆవడి, ఆ తరువాత హిందూ కాలేజీ, ఆ తరువాత మేము. పేరు వినగానే మన తెలుగువాళ్ళు "ఆహా, రాములవారి ఊరా!" అంటారు. ఊళ్ళోకి వచ్చి చూస్తే రాములవారి కంటే మిలిటరీ వారి హడావిడే ఎక్కువ. కొన్ని లోకల్ బండ్ల బోర్డు మీద "పట్టాభిరామ్ మిలిటరీ సైడింగ్" అనే రాసి ఉంటుంది. పక్కనే ఆవడి. అక్కడ 1961లో పెట్టిన హెవీ వెహికల్స్ ఫ్యాక్టరీలో యుద్ధ ట్యాంకులు తయారవుతాయి. అక్కడే ఉన్న ఆర్డ్‌నెన్స్ క్లోదింగ్ ఫ్యాక్టరీలో సైనికుల బట్టలు కుడతారు. వైమానిక దళం వారి స్టేషను, సి.ఆర్.పి.ఎఫ్. వారి గ్రూప్ సెంటరు కూడా ఆ చుట్టుపక్కలే. ఈ ఉద్యోగాల కోసమే చిత్తూరు, నెల్లూరు వైపు నుంచి మాలాంటి తెలుగు కుటుంబాలు వచ్చి ఇక్కడ స్థిరపడ్డాయి.

మా వారు ట్యాంకుల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. మా తోడికోడలు బట్టల ఫ్యాక్టరీలో ఇరవై తొమ్మిదేళ్ళు కుట్టుమిషను మీద పనిచేసింది. నేను ఇల్లు చూసుకున్నాను. దేశాల మధ్య జరిగే వ్యవహారాలు పేపర్లో మొదటి పేజీలోవి, మగవాళ్ళు చదివేవి అనుకుంటూ, నేను లోపలి పేజీలు తిరగేస్తూ ఇన్నేళ్ళూ గడిపేశాను. పోయిన సెలవులకు మా మనవరాలు వచ్చేదాకా నాకు అందులో తప్పేమీ కనపడలేదు.

అది రాజకీయ శాస్త్రంలో ఎం.ఏ. చదువుతున్నది. వచ్చేటప్పుడు ఇంత లావు పుస్తకం తెచ్చుకున్నది. ఏమిటే అది అంటే, "అంతర్జాతీయ సంబంధాల గురించి, టెర్రరిజం గురించి స్త్రీవాదులు ఏమంటారో, అదీ పాఠం అవ్వా" అన్నది.

"దేశాల తగాదాల్లో స్త్రీవాదానికి ఏం పనే? అది కట్నాలకీ వంటింటికీ సంబంధించింది కదా" అన్నాను.

"అసలు పాఠం అక్కడే మొదలవుతుంది. యుద్ధం కానీ, ఒప్పందం కానీ, బాంబు కానీ, ఏది చూసినా ముందు ఒక ప్రశ్న వేసుకోమంటారు: ఇందులో ఆడవాళ్ళెక్కడున్నారు? అని."

ఆ ప్రశ్న నన్ను పట్టుకుని ఇప్పటికీ వదలలేదు. అందుకే ఈ నాలుగు మాటలు మన పత్రిక పాఠకులతో పంచుకోవాలనిపించింది.

కుట్టుమిషను కూడా విదేశాంగ విధానమే

మా మనవరాలు చెప్పినదాన్ని నాకు అర్థమైనట్టు చెబుతాను. అమెరికాలో సింథియా ఎన్లో అని ఒక అధ్యాపకురాలు ఉన్నారు. ఆవిడ 1989లో ఒక పుస్తకం రాశారు. రాయబారుల భార్యలు, సైనిక స్థావరాల చుట్టూ బతికే స్త్రీలు, అరటి తోటల్లో కూలీలు, పరాయి దేశాలకు ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళు, వీళ్ళందరి శ్రమ లేకపోతే దేశాల మధ్య వ్యవహారాలు ఒక్కరోజు కూడా నడవవని అందులో చూపించారు. తరువాత 1992లో ఆన్ టిక్నర్ అనే ఇంకొక ఆవిడ "భద్రత" అనే మాటనే పట్టుకుని అడిగారు. దేశం భద్రంగా ఉన్నదంటే సరిహద్దు భద్రంగా ఉన్నదనే అర్థమా? ఆ సరిహద్దు లోపల తిండికి లేక, ఇంట్లో తన్నులు తింటూ, యుద్ధంలో ఇల్లు వదిలి పారిపోతూ ఉన్న మనిషికి భద్రత ఉన్నట్టా? ఎవరి భద్రత, ఎవరు కట్టిన లెక్క?

ఇది విని నేను మా తోడికోడలి సంగతి తలచుకున్నాను. 1987 జులై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ గారు, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనె గారు ఒప్పందం మీద సంతకాలు చేశారు. మన శాంతి దళం అక్కడికి వెళ్ళింది. శాంతి కోసం వెళ్ళిన దళం రెండు మూడు నెలలకే టైగర్లతో యుద్ధంలో దిగింది. 1990 మార్చిలో వెనక్కి వచ్చేనాటికి మనవాళ్ళు దాదాపు 1200 మంది చనిపోయారు. ఆ రోజుల్లో మా తోడికోడలు మిషను మీద కుట్టిన చొక్కా వేసుకుని వెళ్ళిన సిపాయి ఎవడో ఒకడు ఉండే ఉంటాడు. అతను తిరిగి వచ్చాడో లేదో ఆమెకు తెలియదు. అవతలి ఒడ్డున ఆ చొక్కాను చూసి పరుగెత్తిన తల్లి ఎవరో కూడా తెలియదు. సంతకాలు పెట్టిన ఇద్దరి పేర్లే చరిత్ర పుస్తకంలో ఉన్నాయి.

మాకు దగ్గరలో, ఆ రాత్రి

టెర్రరిజం అనే మాట మాకు పుస్తకంలో పాఠం కాదు. మా ఊరికి ముప్ఫై కిలోమీటర్ల లోపే శ్రీపెరుంబుదూరు. రామానుజాచార్యులవారు పుట్టిన క్షేత్రం. 1991 మే 21 రాత్రి ఎన్నికల సభ కోసం రాజీవ్ గాంధీ గారు అక్కడికి వచ్చారు. అంతకుముందు విశాఖపట్నంలో ప్రచారం ముగించుకుని, విమానంలో మద్రాసు దిగి, పూందమల్లి మీదుగా కారులో వెళ్ళారు. రాత్రి పది దాటాక జరిగింది అందరికీ తెలిసిందే. ఆయనతోపాటు పదిమందికి పైగా అక్కడికక్కడే పోయారు.

ఇన్నేళ్ళుగా ఆ రాత్రి గురించి ఎన్నో చదివాను. అయినా అక్కడ ఆడవాళ్ళెక్కడున్నారు అని ఎప్పుడూ వరసగా లెక్కపెట్టలేదు. ఈసారి మనవరాలితో కూర్చుని లెక్కపెట్టాను.

చందనపు మాల పట్టుకుని, తలలో పూలు పెట్టుకుని వచ్చి, నడుముకు కట్టుకున్న బాంబు పేల్చుకున్నది ఒక ఆడపిల్ల. ధను అన్నది ఆమె పేర్లలో ఒకటి. ఆమెను దగ్గరకు రానివ్వకుండా ఆపబోయింది కూడా ఒక ఆడమనిషే, సబ్ ఇన్‌స్పెక్టర్ అనసూయ. అందరికీ అవకాశం ఇవ్వమని రాజీవ్ గారే ఆమెను వారించారని తరువాత పత్రికల్లో వచ్చింది. ఆమె చేతివేళ్ళు పోగొట్టుకుని, ఒంటినిండా గాయాలతో బతికి బయటపడింది. రాజీవ్ గారికి కవిత చదివి వినిపించడానికి ఒక చిన్నపిల్ల, ఆ పిల్లను తీసుకువచ్చిన తల్లి అక్కడ ఉన్నారు. ఇద్దరూ పోయారు. కుట్రదారులకు తోడుగా వచ్చినట్టు తరువాత కోర్టు తేల్చిన నళిని జనంలో ఉన్నది. ఢిల్లీలో ఫోన్ మోగినప్పుడు ఎత్తిన ఇంట్లో ఒక భార్య, ఒక కూతురు ఉన్నారు.

చంపినదీ, ఆపబోయినదీ, చనిపోయినదీ, శిక్ష పడినదీ, విధవరాలైనదీ అందరూ ఆడవాళ్ళే. మరి ఇది మగవాళ్ళ మొదటి పేజీ వార్త అని నేనెలా అనుకున్నాను?

కుళాయి దగ్గర మా తీర్పులు

అప్పట్లో మా వీధి కుళాయి దగ్గర రోజంతా ఇదే మాట. "ఆడదై పుట్టి ఎలా చేయగలిగిందే! రాక్షసి!" అని ఒకరు. "కాదు, ఆ పిల్లను సిపాయిలు చెరిచారట, అందుకే పగ పట్టిందట" అని ఇంకొకరు. "ఎవడో మగవాడు మాయమాటలు చెప్పి ఉంటాడు" అని మరొకరు. నేను ఈ మూడూ అన్నాను, ఒక్కోరోజు ఒక్కోటి.

లారా శోబర్గ్, కారన్ జెంట్రీ అని ఇద్దరు పండితురాళ్ళు 2007లో ఒక పుస్తకం రాశారు. దాని పేరును తెలుగులో చెప్పాలంటే తల్లులు, రాక్షసులు, వేశ్యలు అని. హింసకు దిగిన స్త్రీని లోకం ఈ మూడు గదుల్లో ఏదో ఒకదానిలో పెట్టి తాళం వేస్తుందని వారంటారు. బిడ్డ కోసమో మానం కోసమో చేసిందంటారు, లేదా ఆమె మనిషే కాదంటారు, లేదా మగవాడి మోజులో పడిందంటారు. ఆమెకు ఒక రాజకీయం ఉందనీ, అది ఎంత ఘోరమైన రాజకీయమైనా తెలిసి ఎంచుకుని ఉండవచ్చనీ మాత్రం ఒప్పుకోరు. మా కుళాయి దగ్గర మేం చేసింది సరిగ్గా అదే! ఆ కుట్ర నడిపించిన శివరాసన్ గురించి కూడా గంటలకొద్దీ మాట్లాడుకున్నాం. కానీ ఆయనకు పెళ్ళయిందా, ఎవరైనా ఆయన్ని మోసం చేశారా అని ఒక్కరం అడగలేదు. మగవాడికి సిద్ధాంతం ఉంటుంది, ఆడదానికి కథ ఉంటుంది అన్నమాట.

ధనుకు జరిగిందని మేం చెప్పుకున్న ఆ కథ వదంతి. కానీ అక్కడి ఆడవాళ్ళ మీద అత్యాచారాలు జరగలేదని దాని అర్థం కాదు. జాఫ్నా విశ్వవిద్యాలయంలో అనాటమీ చెప్పే డాక్టర్ రజని తిరణగమ, ఆమె సహచరులు "ది బ్రోకెన్ పామైరా" అనే పుస్తకంలో ఆ బాధలను దాచకుండా రాశారు. శ్రీలంక సైన్యం చేసినవి రాశారు, మన శాంతి దళం చేసినవి రాశారు, టైగర్లు చేసినవీ రాశారు. ఆమె ఒకప్పుడు టైగర్లకు సహాయం చేసినావిడే. కళ్ళెదుట చూసినదానితో మనసు మార్చుకున్నది. 1989 సెప్టెంబరు 21న సైకిల్ మీద ఇంటికి వస్తుంటే ఆమెను కాల్చి చంపారు. ముప్ఫై అయిదేళ్ళ వయసు, ఇద్దరు ఆడపిల్లల తల్లి. టెర్రరిజం గురించి నాకు ఇన్నేళ్ళుగా ధను పేరు తెలుసు, రజని పేరు తెలియదు. బాంబు కట్టుకున్న ఆడదాని ఫోటో వెయ్యిసార్లు అచ్చువేసిన పత్రికలు, అందరి తప్పులూ రాసి ప్రాణం పోగొట్టుకున్న ఆడదాని గురించి నాకు చెప్పలేదు. నేను వెదుక్కోనూ లేదు.

కోర్టులో కూడా అదే ప్రశ్న

ఆ కేసు విచారణ మాకు దగ్గరలోని పూందమల్లిలోనే ప్రత్యేక కోర్టులో జరిగింది. 1998 జనవరి 28న 26 మందికీ ఉరిశిక్ష వేశారు. 1999 మేలో సుప్రీంకోర్టు అందులో నలుగురికి మాత్రమే ఉరి ఖాయం చేసింది. ఆ నలుగురిలో నళిని ఒకరు. అరెస్టయ్యేనాటికి ఆమె గర్భవతి, బిడ్డ జైల్లోనే పుట్టింది. ముగ్గురు న్యాయమూర్తుల్లో జస్టిస్ కె.టి. థామస్ గారు మాత్రం ఆమెకు ఉరి వద్దన్నారు. చిన్నబిడ్డ తల్లి అనీ, చెప్పినట్టు నడుచుకున్నదే తప్ప పెత్తనం చేసినది కాదనీ వారి ఉద్దేశం.

"ఒక ప్రాణం నిలబెట్టే మాట కదా, మంచిదే" అన్నాను నేను. "మంచిదే అవ్వా. కానీ ఆడది కాబట్టి తనంతట తాను నిర్ణయం తీసుకుని ఉండదు అనే ఊహ అందులో ఉన్నదా లేదా? తండ్రి కూడా అదే కేసులో ఉరి కోసం ఎదురుచూస్తున్నాడు. ఆ బిడ్డకు తండ్రి అక్కర్లేదా?" అని అడిగింది మనవరాలు. నాకు జవాబు దొరకలేదు. తరువాత సోనియా గాంధీ గారు కరుణ చూపమని కోరడంతో 2000లో నళిని ఉరిశిక్ష యావజ్జీవంగా మారింది.

2008 మార్చి 19న ప్రియాంక గాంధీ వేలూరు జైలుకు వెళ్ళి నళినిని కలిశారు. తండ్రిని పోగొట్టుకున్న కూతురు, ఆ నేరంలో శిక్ష అనుభవిస్తున్న తల్లి ఎదురెదురుగా కూర్చున్నారు. అది ఏ రెండు ప్రభుత్వాల చర్చా కాదు. కానీ ఇంత జరిగాక ఎందుకు చేశారని అడగాలనుకోవడం, అడగడానికి అంతదూరం రావడం కూడా దేశాల చరిత్రలో భాగమేనని ఇప్పుడు నాకనిపిస్తుంది. 2022 నవంబరు 11న సుప్రీంకోర్టు ఉత్తర్వుతో నళినితో సహా మిగిలినవారంతా విడుదలయ్యారు. ఆ రోజు గాయపడిన పోలీసు అధికారిణి అనసూయ ఆ విడుదలను గట్టిగా తప్పుపట్టారు. ఆమె బాధ కూడా న్యాయమైనదే. ఆడవాళ్ళంతా ఒకే మాట మీద ఉంటారనుకోవడం కూడా ఒక తాళం వేసిన గదే.

ఆడవాళ్ళు ఏలితే యుద్ధాలుండవా?

మన సభల్లో తరచుగా వినే మాట ఇది. ఆడవాళ్ళు స్వభావంగా శాంతమూర్తులు, వాళ్ళ చేతికి రాజ్యం ఇస్తే యుద్ధాలుండవు అని. శ్రీలంకనే చూడండి. 1960లో సిరిమావో బండారనాయకె గారు ప్రపంచంలోనే మొదటి మహిళా ప్రధాని అయ్యారు. ఆమె కూతురు చంద్రిక అధ్యక్షురాలయ్యారు. చంద్రిక చిన్నతనంలో, 1959లో తండ్రిని తుపాకీ గుండుకు పోగొట్టుకున్నారు. 1988లో భర్తనూ అలాగే పోగొట్టుకున్నారు. 1999 డిసెంబరు 18న ఎన్నికల సభలో ఆమె మీద ఆత్మాహుతి దాడి చేసినదీ ఒక స్త్రీయే. ప్రాణం దక్కింది కానీ కుడికన్ను చూపు పోయింది. ఆమె పాలనలోనూ యుద్ధం సాగింది. 2009 మేలో కానీ అది ముగియలేదు. ముగిసిన తీరు చూస్తే ముగిసిందనడానికీ నోరు రాదు. తప్పిపోయిన తమ బిడ్డలు ఎక్కడని అడుగుతూ 2017 ఫిబ్రవరిలో కిళినొచ్చిలో తల్లులు రోడ్డు పక్కన కూర్చున్నారు. అలా ఏళ్ళ తరబడి కూర్చున్నారు.

కాబట్టి స్త్రీ అంటే శాంతి అని కాదు స్త్రీవాదులు చెప్పేది. ఆడవాళ్ళను కూడా కలుపుకుని చూస్తే యుద్ధం ఎంత పెద్దదో, ఎన్ని ఇళ్ళలో జరుగుతుందో తెలుస్తుందని చెబుతున్నారు.

మన తెలుగునాట ఇది కొత్త సంగతి కాదు. తెలంగాణ సాయుధ పోరాటం వేరు, టెర్రరిజం వేరు. రెంటినీ ఒక గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఆడవాళ్ళెక్కడున్నారు అనే ప్రశ్న అక్కడా వేశారు. హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన వారు ఆ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి వెళ్ళి, వారు చెప్పినవి విని, 1986లో "మనకు తెలియని మన చరిత్ర" అనే పుస్తకం వేశారు. మల్లు స్వరాజ్యం గారు దళాన్ని నడిపారు. కొండపల్లి కోటేశ్వరమ్మ గారు ఉద్యమంలో తిరిగి, రహస్య జీవితం గడిపి, చివరికి భర్తనూ ఇద్దరు బిడ్డలనూ ఒక్కొక్కరిగా పోగొట్టుకుని, తొంభై ఏళ్ళు దాటాక "నిర్జన వారధి" పేరుతో తన జీవితం రాశారు. పోరాటం సాగినన్నాళ్ళూ తుపాకీ పట్టగలిగిన ఆడవాళ్ళకు, పోరాటం ముగిశాక ఇంటికి వెళ్ళి వంట చేసుకోమన్న సలహా వచ్చింది. ఆ సంగతి వారి నోటినుంచే ఆ పుస్తకంలో వస్తుంది. చరిత్రలో ఆడవాళ్ళున్నారు. వారిని అడిగినవాళ్ళే తక్కువ.

నా తలుపు సంగతి

ఇంతవరకు ఊరివాళ్ళ సంగతి చెప్పాను. ఇప్పుడు నా సంగతి.

1991లో మేం ఒక అద్దె ఇంట్లో ముందు వాటాలో ఉండేవాళ్ళం. వెనక వాటాలో జాఫ్నా నుంచి వచ్చిన ఒక ఆమె, ఇద్దరు పిల్లలతో ఉండేది. 1990లో అక్కడ మళ్ళీ యుద్ధం మొదలైనప్పుడు పడవలో వచ్చింది. భర్త జాడ తెలియదు. నన్ను "తంగచ్చీ" అని పిలిచేది. ఇడియాప్పంలోకి కొబ్బరిపాలతో సొది చేయడం నాకు నేర్పింది. నేను గోంగూర పచ్చడి ఇస్తే కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ తిని, ఇంకా కావాలనేది. "సైన్యానికి భయపడి రాలేదు తంగచ్చీ, సైన్యానికీ అబ్బాయిలకూ ఇద్దరికీ భయపడి వచ్చాను" అని ఒకసారి చెప్పింది. అబ్బాయిలంటే టైగర్లు. పెద్దవాడికి పదమూడేళ్ళు నిండుతున్నాయి. వాణ్ణి వాళ్ళు తీసుకుపోతారని ఆమె బెంగ.

మే 21 తరువాత ఆమె కుళాయి దగ్గరికి వస్తే మా మాటలు ఆగిపోయేవి. పోలీసులు వచ్చి కాగితాలు చూసి వెళ్ళారు. ఇంటి యజమాని రెండు రోజుల్లో ఖాళీ చేయమన్నాడు. ఏ టైగర్ల నుంచి పారిపోయి వచ్చిందో, ఆ టైగర్ల మనిషేనని మా వీధి తీర్పు చెప్పేసింది. అలా కాదని చెప్పగలిగినదాన్ని ఆ వీధిలో నేనొక్కదాన్నే.

వెళ్ళిపోయే ముందురోజు పొద్దుగుంకాక ఆమె నా తలుపు తట్టింది. "తంగచ్చీ, ఒక్క నిమిషం" అన్నది. మా వారు షిఫ్టులో ఉన్నారు. రక్షణ శాఖ ఫ్యాక్టరీ ఉద్యోగం, ఎవరైనా చూస్తే ఏమవుతుందో అని నా గుండె కొట్టుకుంటున్నది. గడియ మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాను. తియ్యలేదు. ఇంకోసారి తట్టి, ఆగి, వెళ్ళిపోయింది.

తెల్లవారి తలుపు తీస్తే గడప ముందు నా ఇత్తడి గిన్నె. ఎప్పుడో ఆమె తీసుకున్నది. తళతళలాడేలా తోమి, తిరిగి ఇచ్చే గిన్నె ఉత్తది ఇవ్వకూడదు కనుక అందులో గుప్పెడు వేయించిన ఎర్రబియ్యపు పిండి పోసి, మూత పెట్టి ఉంచింది. అది వాళ్ళ ఊరి నుంచి తెచ్చుకున్నది. అయిపోవస్తున్నదని అంతకు వారం ముందే నాతో అన్నది.

1992 జనవరి నుంచి శరణార్థులను తిరిగి పంపడం మొదలైంది. ఆమె వెళ్ళిందో, ఇక్కడే ఏదైనా శిబిరానికి చేరిందో తెలియదు. మా తిరువళ్ళూరు జిల్లాలోనే గుమ్మిడిపూండిలో శ్రీలంక తమిళుల శిబిరం ఉంది. మన పుట్టిళ్ళకు నెల్లూరు వైపు వెళ్ళే రైలు ఆ స్టేషను దాటుతుంటే ఇప్పటికీ నేను కిటికీ వైపు చూడను.

ఈ సంగతి ముప్ఫై ఏళ్ళకు పైగా ఎవరికీ చెప్పలేదు. మనవరాలికే మొదట చెప్పాను. అది ఓదార్చలేదు, తప్పుపట్టనూ లేదు. "నీ భయం ఉత్తిది కాదవ్వా. ఆమె భయం కూడా ఉత్తిది కాదు. రెండిటి మధ్యనా ఒక తలుపు ఉంది. దేశాల భద్రత గురించి రాసేవాళ్ళు ఆ తలుపు గురించి రాయరు. స్త్రీవాదులు రాయమంటున్నది దాని గురించే" అన్నది.

మనం చేయగలిగినది

ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి 2000 అక్టోబరు 31న 1325 అనే తీర్మానం చేసింది. యుద్ధాలను ఆపే చర్చల్లో, శాంతి ఒప్పందాల్లో, ఆ తరువాత ఊళ్ళు తిరిగి నిలబెట్టే పనుల్లో స్త్రీలకు భాగం ఉండాలని, యుద్ధంలో వారి మీద జరిగే హింసను నేరంగా చూడాలని దాని సారాంశం. 2007లో మన దేశం నుంచి సి.ఆర్.పి.ఎఫ్. మహిళల దళం లైబీరియాకు వెళ్ళింది. ఐక్యరాజ్య సమితి పంపిన దళాల్లో అందరూ మహిళలే ఉన్న మొదటి పోలీసు దళం అదే. 2016 దాకా మనవాళ్ళు అక్కడ పనిచేశారు. మా పక్కనున్న ఆవడి సి.ఆర్.పి.ఎఫ్. గేటు దాటినప్పుడల్లా ఇప్పుడు నాకు ఆ సంగతి గుర్తొచ్చి గర్వంగా ఉంటుంది. అయితే యూనిఫాం వేసుకున్న ఆడవాళ్ళ సంఖ్య పెరిగితే సరిపోదు. ఆ యూనిఫాం ఏ తలుపులు తడుతున్నదో, ఎందుకు తడుతున్నదో అడిగే ఆడవాళ్ళు కూడా పెరగాలి.

మన సంఘంలో సైన్యంలో, రక్షణ ఫ్యాక్టరీల్లో, విదేశాల్లో పనిచేసిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్ళలో అమ్మమ్మలు, నాయనమ్మలు ఉన్నారు. వారిని మొదటి పేజీ వార్తల గురించి ఎవరూ అడిగి ఉండరు. దయచేసి అడగండి. 1965లో, 1971లో, 1987లో, 1991లో మీరెక్కడున్నారు, ఏం చూశారు, ఎవరికి తలుపు తీశారు, ఎవరికి తియ్యలేదు అని అడగండి. చెప్పింది రాసిపెట్టండి. మంచి చెప్పినా, నాలాగా తప్పు చెప్పుకున్నా రాయండి.

ఆ ఇత్తడి గిన్నె ఇప్పటికీ మా వంటింట్లో ఉంది. పండక్కి పక్కింటికి పాయసం పంపేటప్పుడు అందులోనే పంపుతాను. ఈమధ్య మా వీధిలోకి ఎక్కడో ఉత్తరాది నుంచి కూలిపనికి వచ్చిన కుటుంబం దిగింది. వాళ్ళెవరో ఏమిటో అని కుళాయి దగ్గర అప్పుడే గుసగుసలు మొదలయ్యాయి. ఇప్పుడు ఇళ్ళలోకే నీళ్ళు వస్తున్నా, కుళాయి దగ్గర మాటలు మాత్రం ఆగలేదు. మొన్న సంక్రాంతికి ఆ గిన్నెలో పొంగలి పెట్టుకుని నేనే వెళ్ళి వాళ్ళ తలుపు తట్టాను. లోపల్నుంచి ఆ అమ్మాయి కొంచెం భయంగా, కొంచెం ఆలస్యంగా తలుపు తీసింది.